ఎంఐ రూమ్ రిజిస్టర్‌కెక్కని కడుపునొప్పి

పొద్దున్న ఐదున్నరకు పీటీ ఫాలిన్, అంటే కసరత్తుకు వరసలో నిలబడే వేళ ఉంటే మామూలు జవాను ఐదింటికి లేచి, మొహం కడుక్కుని, బూట్లు బిగించుకుని వచ్చేస్తాడు. క్రోన్స్ అనే పేగు జబ్బు ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు మూడున్నరకే లేస్తాడు, ఎందుకంటే ఆ వేళప్పుడైతే లెట్రిన్ల దగ్గర క్యూ ఉండదు. ఫాలిన్ లోపు నాలుగుసార్లు వెళ్లొస్తాడు, ఐదోసారి కూడా వస్తుందేమోనని టీ ముట్టుకోడు, ఖాళీ కడుపుతోనే పరుగుకు దిగుతాడు. రెండు నెలలు తిరిగేసరికి బెల్టుకు కొత్త చిల్లులు పొడుచుకోవాల్సి వస్తుంది. పక్క మంచం వాడు ఇంటి బెంగ అంటాడు. లంగర్‌లో వండే వాడు ఇక్కడి నీళ్లు నీకు పడలేదంటాడు. హవల్దారు పరుగు తప్పించుకోడానికి వేషాలంటాడు. ఫోన్లో అమ్మ 'ఆ రొట్టెలు తిని వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు నాన్నా' అంటుంది. పేగు లోపల పుండ్లు పడ్డాయన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు, ఆ జబ్బు పేరే చాలామంది విని ఉండరు.

1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ ముగ్గురూ కలిసి చిన్నపేగు చివరి భాగంలో వచ్చే ఒక వాపు గురించి వ్యాసం రాశారు. అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందు రావడంతో జబ్బుకు ఆయన పేరే అతుక్కుపోయింది. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1913లో, డాల్జియల్ అనే స్కాట్లాండ్ సర్జన్ ఇలాంటి కేసులు రాసి పెట్టాడు గానీ ఆయన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అసలు జబ్బేమిటంటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి పేగు గోడ మీదే పడుతుంది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట వస్తుంది. ఒక చోట పుండు ఉంటుంది, పక్కన జానెడు పేగు శుభ్రంగా ఉంటుంది, మళ్లీ పుండు. పైపొరతో ఆగకుండా గోడ మందమంతా వాస్తుంది కాబట్టి కాలం గడిచేకొద్దీ పేగు సన్నబడి గొట్టం మూసుకుపోవచ్చు, లేదా గోడకు చిల్లు పడి పక్క పేగులోకో చర్మం మీదికో దారి తెరుచుకోవచ్చు. ఇదంతా ఏకధాటిగా కూడా సాగదు. మూడు నెలలు నరకం, ఆరు నెలలు ఏమీ లేనట్టు, మళ్లీ ఒక పండగ సెలవుకు ముందో ఒక కోర్సు మధ్యలోనో మొదలు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు, అణచి ఉంచే మందులు మాత్రం ఈ పాతికేళ్లలో బాగా వచ్చాయి.

ఇది ఎక్కువగా బయటపడేది పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య. సైన్యం మనుషుల్ని తీసుకునేదీ, ఎక్కువగా పరుగెత్తించేదీ సరిగ్గా ఆ వయసులోనే. రిక్రూట్‌మెంట్ మెడికల్‌లో గుండె, చెవి, కన్ను, మోకాళ్లు, చదును పాదాలు అన్నీ చూస్తారు గానీ పంతొమ్మిదేళ్ల కుర్రాడికి పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ ఎవరూ చేయరు, చేయాల్సిన పనీ లేదు. కాబట్టి చేరేనాటికి శుభ్రంగా ఉన్నవాడికి రెండో ఏడో మూడో ఏడో జబ్బు తలెత్తడం వింతేమీ కాదు. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. అమెరికా సైన్యంలో 1999 నుంచి 2006 దాకా ఉన్న వైద్య రికార్డులు తీసి చూసిన ఒక అధ్యయనంలో, వాంతులు విరేచనాల ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చిన సైనికుల్లో తర్వాత ఈ తరహా పేగు వాపు జబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే సుమారు 40 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ అవకాశం మొదటే తక్కువ కనుక, కలుషిత నీళ్లు తాగిన వాళ్లందరికీ క్రోన్స్ వస్తుందని అర్థం చేసుకోకూడదు. కాకపోతే ఫీల్డులో వాగు నీళ్లు, ఎక్సర్‌సైజుల్లో ఈగలు ముసిరిన తిండి మామూలే అయిన ఉద్యోగంలో ఆ అంకెను తేలిగ్గా తీసేయలేం. ఆ అంకెకు కాగితం మీద కూడా పని ఉంది, దాని సంగతి తర్వాత.

సైన్యంలో ఈ జబ్బు తొందరగా దొరక్కపోవడానికి పెద్ద కారణం దాని ప్రతి లక్షణానికీ అక్కడ ఇంకో సిద్ధమైన వివరణ ఉండడం. మలద్వారం పక్కన గడ్డ లేచి చీము పట్టిందా, ట్రక్కు డ్రైవింగ్ చేసి చేసి మొలలు వచ్చాయంటారు. పిక్కల ముందు వైపు ఎర్రగా, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు లేచాయా, బూట్లు కొరికాయంటారు. నడుం కింది భాగం పొద్దున్నే పట్టేస్తోందా, ప్యాక్ బరువంటారు. ఇవన్నీ క్రోన్స్ పేగు దాటి చేసే పనులే, కన్ను కూడా ఎర్రబడుతుంది. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో మాత్ర, కలిపి చూసే మనిషి దొరికినప్పుడే అసలు విషయం బయటపడుతుంది. ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్‌లో ఉండే చిన్న దవాఖానాలో, నర్సింగ్ అసిస్టెంట్ ఇచ్చేది మెట్రోనిడజోల్, ఓఆర్ఎస్, మహా అయితే రెండ్రోజుల ఎక్స్‌క్యూజ్ డ్యూటీ. ఆయన్ని అని లాభం లేదు, రోజూ విరేచనాలతో వచ్చే వాళ్లలో అత్యధికులకు ఆ మందే సరిపోతుంది. తేడా తెలిసేది అదే మనిషి అదే బాధతో ఎన్నోసారి వచ్చాడో ఎవరైనా లెక్క చూసినప్పుడే. నాలుగు వారాలు దాటిన విరేచనాలు, తగ్గిపోతున్న బరువు, రాత్రి నిద్రలోంచి లేపే కడుపునొప్పి, ఈ మూడూ ఒకేచోట ఉంటే ఆ కేసు ఎంఐ రూమ్‌ది కాదు, ఆసుపత్రికి పంపాల్సినది.

ఆసుపత్రికి వెళ్లాక కూడా మన దేశంలో ఒక చిక్కుముడి ఉంది, దాని పేరు టీబీ. పేగు టీబీ కూడా సరిగ్గా చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటే కూర్చుంటుంది, అదే జ్వరం, అదే బరువు తగ్గడం, స్కోప్‌లో ఇంచుమించు అవే పుండ్లు, బయాప్సీలో కూడా చాలాసార్లు తేల్చి చెప్పలేని గ్రాన్యులోమాలు అనే కణాల ముద్దలు. పడమటి దేశాల్లో డాక్టరు ముందు క్రోన్స్ అనుకుంటాడు, ఇక్కడ ముందు టీబీ అనుకోక తప్పదు. ఎందుకంటే టీబీ ఉన్నవాడికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తేలనప్పుడు ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ స్కోప్ చేసి, పుండ్లు మానాయా లేదా చూస్తారు. మానకపోతే అప్పుడు క్రోన్స్ వైపు తిరుగుతారు. ఇది సరైన జాగ్రత్తే. కానీ జవాను వైపు నుంచి చూస్తే ఆ నెలల్లో అతను బ్యారక్‌లో 'టీబీ వాడు', గ్లాసు విడిగా పెట్టుకోమని చెప్పించుకునేవాడు, ఊళ్లో పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట ముందే చేరిపోయినవాడు. తీరా టీబీ కాదని తేలాక ఆ పేరును ఎవరూ పనిగట్టుకుని చెరపరు.

జవాన్లు ఈ బాధను ఎందుకు దాస్తారో అర్థం చేసుకోడానికి ముందు కేటగిరీ అంటే ఏంటో తెలియాలి. సైన్యంలో ప్రతివాడి ఆరోగ్యాన్నీ 'షేప్' అనే అయిదు అక్షరాల్లో కొలుస్తారు. మానసిక స్థితి, వినికిడి, కాళ్లూ చేతులూ, శారీరక సామర్థ్యం, కంటిచూపు, ఒక్కోదానికీ ఒకటి నుంచి అయిదు దాకా అంకె. అన్నీ ఒకటైతే షేప్ వన్, ఎక్కడికైనా పంపొచ్చు. క్రోన్స్ తగిలేది నాలుగో దానికి, శారీరక సామర్థ్యానికి. అది ఒకటి నుంచి కిందికి దిగిందంటే మనిషి ఎల్‌ఎంసీ, అంటే లో మెడికల్ కేటగిరీ. మొదట 24 వారాల తాత్కాలిక కేటగిరీ ఇచ్చి మళ్లీ చూస్తారు, కుదురుకోకపోతే పర్మనెంట్ చేసి రెండేళ్లకోసారి తిరగేస్తారు. అయిదు వచ్చిందంటే ఇక సైన్యానికి పనికిరాడని. ఈ అంకె మీదే ప్రమోషన్, ఎక్స్‌టెన్షన్, కొన్ని కోర్సులు, విదేశీ మిషన్లు ఆధారపడతాయి. దక్షిణ సూడాన్‌కో కాంగోకో ఐక్యరాజ్యసమితి తరఫున ఒక ఏడాది వెళ్లొస్తే ఊళ్లో ఇంటి స్లాబు పడుతుందని లెక్క వేసుకున్నవాడు ఆ ఏడాది సిక్ రిపోర్టు చేస్తాడనుకోవడం అమాయకత్వం.

భయం ఇంకొకటి కూడా ఉంది. 1950 నాటి ఆర్మీ యాక్ట్ 46వ సెక్షన్ ప్రకారం జబ్బు నటించడం నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మామూలు కడుపునొప్పికి ఎవరినీ కోర్ట్ మార్షల్ దాకా లాగరు, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ అనుమానం గాల్లో ఉంటుంది. ఇరిగిన కాలికి ప్లాస్టర్ సాక్ష్యం, క్రోన్స్‌కు బయటికి కనిపించే సాక్ష్యం ఏమీ లేదు. నిన్న రాత్రి పది సార్లు వెళ్లినవాడు ఇవాళ సాయంత్రం వాలీబాల్ ఆడుతూ కనిపించొచ్చు, జబ్బు స్వభావమే అంత. ఒక్క రోజు చూసి అంకె వేసే పద్ధతికీ, రోజుకో తీరుగా ఉండే జబ్బుకీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? ఆ అంకె వేసే మెడికల్ బోర్డు రోజు బాగున్నవాడు నటుడవుతాడు, బాగాలేని రోజు బోర్డుకు వచ్చినవాడు అసలు అవసరానికి మించిన అంకెతో బయటికొస్తాడు. ఇక్కడ వైద్యులకు ఒక సాధనం ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని కొలిస్తే పేగులో మంట ఎంతుందో అంకెల్లో వస్తుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే దాదాపు మామూలు, 250 దాటితే లోపల మంట రగులుతున్నట్టే లెక్క. ఇరవై నాలుగు వారాలకు ఒకసారి మనిషి మొహం చూసే కంటే ఆర్నెల్లలో నాలుగు శాంపిల్స్ చూస్తే నటనా నిజమా అన్న గొడవ చాలావరకు ఉండదు.

దాచేవాడు ఏం చేస్తాడో కూడా చూడాలి. అయిదు కిలోమీటర్ల పరుగు పరీక్ష (బీపీఈటీ) ముందు రాత్రి అన్నం మానేస్తాడు. పొద్దున్న విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలు రెండు వేసుకుంటాడు. పరుగు అయ్యాక మోకాళ్లు పీకుతుంటే, ఒళ్లు నొప్పులకు అందరూ వేసుకునే డైక్లోఫెనాక్ తనూ వేసుకుంటాడు. ఆ చివరి మాత్ర దగ్గరే కొంప మునిగేది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు పొరను దెబ్బతీస్తాయి, అణిగి ఉన్న క్రోన్స్‌ను లేపగలవు. నొప్పికి పారాసెటమాల్ వాడితే ఆ గొడవ ఉండదన్న చిన్న సంగతి తెలియక ఎంతమంది పేగులు పాడుచేసుకుని ఉంటారో. సిగరెట్ ఇంకోటి. పెద్దపేగుకే పరిమితమయ్యే అల్సరేటివ్ కొలైటిస్‌లో సిగరెట్ లెక్క వేరే ఉంది గానీ, క్రోన్స్‌లో మాత్రం పొగతాగేవాళ్లకు జబ్బు ముదురుతుంది, ఆపరేషన్ అయ్యాక తిరగబెట్టేదీ వాళ్లకే ఎక్కువ. సెంట్రీ డ్యూటీలో నిద్ర ఆపుకోడానికి వెలిగించే సిగరెట్టు ఆ లెక్కలోకి వస్తుందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఇలా ఏడాది రెండేళ్లు గడిచాక ఒక రాత్రి పేగు మూసుకుపోయి, పొట్ట ఉబ్బి, వాంతులతో హెలికాప్టర్‌లో దించాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు సర్జన్ కోసి తీసేది మొదట్లో మందుతో మానిపోగలిగిన పేగే. చిన్నపేగు చివరి భాగం పోతే బీ12 ఒంటికి పట్టదు, జీవితాంతం ఇంజెక్షన్లే. అక్కడినుంచి మూత్రపిండాల్లో రాళ్ల బెడద కూడా పెరుగుతుంది, రాజస్థాన్ ఎండలో నీళ్లు సరిగా అందని పోస్టింగ్‌లో అది ఇంకా పెద్ద బాధ.

అందుకని కేటగిరీని శిక్షలా చూడడం వల్ల నష్టపోయేది జవానే. ఎల్‌ఎంసీలో ఉన్నవాణ్ని సాధారణంగా ఎత్తైన ప్రాంతాలకు పంపరు, స్పెషలిస్టు ఉన్న ఆసుపత్రికి అందుబాటులో ఉంచుతారు. మనవైపు చూసుకుంటే సికింద్రాబాద్ మిలటరీ హాస్పిటల్, నేవీ వాళ్లకు విశాఖలో ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి, ఇంకా పైకి పంపాలంటే పుణె, బెంగళూరు కమాండ్ హాస్పిటళ్లు, ఢిల్లీలోని ఆర్మీ హాస్పిటల్ (ఆర్ అండ్ ఆర్). ఎత్తు సంగతి కూడా ఉత్త చాదస్తం కాదు. స్విట్జర్లాండ్ వైద్యులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇలాంటి పేగు జబ్బులున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడానికి ముందు వారాల్లో ఎత్తైన చోట్లకు వెళ్లడం, విమానప్రయాణం చేయడం ఎక్కువగా కనిపించాయి. లేహ్ 11,500 అడుగులు, సియాచిన్‌లో ఎన్నో పోస్టులు 18,000 అడుగుల పైన. అక్కడ ఆక్సిజన్ తక్కువన్నది ఒక సమస్య, లెట్రిన్‌కు వెళ్లాలంటే ఏడు పొరలు విప్పి మళ్లీ తొడుక్కోవాలన్నది ఇంకో సమస్య. రాత్రి మైనస్ ముప్పైలో ఆరుసార్లు ఆ పని చేసేవాడి గురించి ఆలోచిస్తే చాలు, పోస్టింగ్ రూల్ ఎందుకుందో అర్థమవుతుంది.

ఇక మందుల సంగతి. మంట ఆర్పడానికి మొదట ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, అది ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్ల, మొహం ఉబ్బు, షుగరు. దాన్నుంచి దించడానికి రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్, దీనితో తెల్లకణాలు పడిపోవచ్చు. మనవాళ్లలో కొందరికి జన్యువుల్లో ఉండే ఒక తేడా వల్ల అవి ఉన్నట్టుండి పడిపోతాయి కాబట్టి మొదటి వారాల్లో రక్తపరీక్ష మళ్లీమళ్లీ చేయించాల్సిందే. ఫార్వర్డ్ పోస్టులో ఉన్నవాడికి వారం వారం రక్తపరీక్ష ఎక్కడిది? ఆ తర్వాత బయొలాజిక్స్, అంటే జీవకణాల్లో తయారయ్యే మందులు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను అమెరికాలో క్రోన్స్‌కు 1998లో అనుమతించారు, మొదటి మూడు డోసుల తర్వాత ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రిలో సెలైన్‌లా ఎక్కిస్తారు. అడాలిముమాబ్‌ను రెండు వారాలకోసారి పొట్ట మీద చర్మం కింద మనమే పొడుచుకోవచ్చు. 2014 డిసెంబరులో జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందును పోలిన చవక రకాన్ని, మన దేశంలో విడుదల చేశాక ధర చాలా దిగింది. ఇవి మొదలుపెట్టే ముందు మళ్లీ టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ మందులు లేపుతాయి, పైగా బ్యారక్‌లో నలభై మంది ఒకే గాలి పీల్చుకుంటూ పడుకుంటారు. ఇంకో మెలిక టీకాలది. ఎల్లో ఫీవర్ టీకాలో ఉండేది బతికున్న వైరస్, రక్షణ వ్యవస్థను అణచే మందుల మీద ఉన్నవాడికి దాన్ని ఇవ్వకూడదు. ఆఫ్రికా మిషన్‌కు ఆ టీకా లేనిదే పంపరు. కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే, కేటగిరీ అధికారి ఎంత మంచివాడైనా సరే.

అడాలిముమాబ్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. సెలవు ముగించుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కి జమ్మూ వైపు పోయే కుర్రాణ్ని ఊహించుకోండి. రెండు రాత్రుల ప్రయాణం, మే నెల, స్లీపర్ కోచ్. వాళ్లక్క టిఫిన్ క్యారేజీ సంచిలో చిన్న థర్మోకోల్ పెట్టె పెట్టి, జెల్ ప్యాకులు పేర్చి, మందు నేరుగా ఐసుకు తగిలి గడ్డకట్టకుండా మధ్యలో తువ్వాలు చుట్టి ఇస్తుంది. నాగపూర్ దాటేసరికి జెల్ కరిగిపోతుంది. ప్యాంట్రీ వాణ్ని అడిగితే ఐసు లేదంటాడు, భోపాల్ ప్లాట్‌ఫాం మీద చల్లటి నీళ్ల సీసాలు రెండు కొని పెట్టెలో పెడతాడు. పక్కవాళ్లు అందులో ఏముందని అడిగితే స్వీట్లంటాడు. అసలు కంపెనీ మందు లేబుల్ ప్రకారం 25 డిగ్రీలు దాటకుండా ఉంటే పద్నాలుగు రోజుల దాకా ఫ్రిజ్ బయట ఉంచొచ్చు, అది తెలిస్తే టెన్షన్ సగం తగ్గును, కానీ మే నెలలో స్లీపర్ బోగీలో 25 డిగ్రీలెక్కడివి. యూనిట్‌కు చేరాక ఇంకో పని మొదలవుతుంది, ఆ పెట్టెను ఎంఐ రూమ్ ఫ్రిజ్‌లో పెట్టించాలి. పెట్టించాలంటే చెప్పాలి. దాచుకుని ఈ వైద్యం చేయించుకోవడం కుదరని పని.

తిండి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, ఎందుకంటే క్రోన్స్‌కు అందరికీ సరిపోయే పథ్యమంటూ లేదు. పేగు సన్నబడినవాడికి రాజ్మా తొక్కలు, పచ్చి ముల్లంగి, మొక్కజొన్న గింజలు అడ్డుపడతాయి, జబ్బు లేచి ఉన్నప్పుడు మెత్తటి అన్నం, పెరుగు, ఇడ్లీ లాంటివి నడుస్తాయి, కొందరికి పాలు పడవు. లంగర్‌లో వారానికి నాలుగు రోజులు రాజ్మా, చోలే, పూరీ. ఇక్కడ తెలుగు కుర్రాడికి ఒక్క సుఖం ఉంది, ఎవరికీ అనుమానం రాకుండా రోజూ పెరుగన్నం తినొచ్చు, 'మద్రాసీ' అని నవ్వి ఊరుకుంటారు. హర్యానా కుర్రాడు రొట్టె మానేస్తే మాత్రం మెస్సంతా అడుగుతుంది.

బయటి సైన్యాల్లో పద్ధతి కాస్త వేరు. అమెరికాలో ఈ జబ్బు ఉన్నట్టు, గతంలో వచ్చినట్టు తెలిస్తే చేరేటప్పుడే అనర్హులు, సర్వీసులో ఉండగా వస్తే మెడికల్ బోర్డుకు వెళ్లి ఉంచాలా పంపాలా తేలుస్తారు. విచిత్రమేంటంటే ఆ దేశపు అతిపెద్ద సైనికుల్లో ఒకరికి ఈ జబ్బే ఉంది. అయిదు నక్షత్రాల జనరల్, తర్వాత అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు 1923లో అపెండిక్స్ తీసేశారు, అయినా కడుపునొప్పి ఏళ్ల తరబడి వచ్చిపోతూనే ఉంది. 1956 మేలో ఎక్స్‌రేలో చిన్నపేగు చివరి భాగం జబ్బు బయటపడింది, జూన్ 9 తెల్లవారుజామున వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మూసుకుపోయిన పేగును తప్పించి దారి మళ్లించే ఆపరేషన్ చేశారు, అదే నవంబరులో రెండోసారి ఎన్నికల్లో గెలిచాడు. క్రోన్స్ ఉన్నవాడు సైన్యానికి పనికిరాడని గుడ్డిగా అనేవాళ్లకు ఇది చెప్పొచ్చు. కానీ ఆయన చుట్టూ ఆసుపత్రి మొత్తం ఉంది, కశ్మీర్‌లో కుప్వారా దగ్గర పోస్టులో ఉన్న సిపాయికి ఒక నర్సింగ్ అసిస్టెంట్, మంచు కురిస్తే మూసుకుపోయే ఒక రోడ్డు ఉన్నాయి.

చివరికి బయటికి రావాల్సి వస్తే డబ్బు మాట. డిజేబిలిటీ పెన్షన్ రావాలంటే వైకల్యం 20 శాతమైనా ఉండాలి, అది సర్వీసు వల్ల వచ్చిందనో సర్వీసు వల్ల ముదిరిందనో బోర్డు ఒప్పుకోవాలి. క్రోన్స్ లాంటి వాటికి బోర్డులు తేలిగ్గా వాడే మాట 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్', అంటే నీ ఒంటి తత్వం, మాకు సంబంధం లేదని. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది. చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు రాసి లేకపోతే అది సర్వీసులో వచ్చినట్టే ముందుగా భావించాలి, కాదనేవాళ్లే కారణాలు చూపించాలి. ఆ తీర్పు 1982 నాటి పెన్షన్ నిబంధనల మీద వచ్చింది. తర్వాత 2008లో, మళ్లీ 2023లో నిబంధనలు మారాయి కాబట్టి ఏ సంవత్సరం బయటికొచ్చాడన్నది చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల వాళ్లు వెళ్లాల్సింది సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి. పదేళ్ల సర్వీసు లేకపోతే, జబ్బుతో బయటికి పంపినవాళ్లకు ఇచ్చే ఇన్‌వ్యాలిడ్ పెన్షన్ కూడా లేదన్న పాత రూలును 2020లో సడలించారు.

ఈ పెన్షన్లేవీ అగ్నివీర్‌కు వర్తించవు. నాలుగేళ్ల ఒప్పందం, పెన్షన్ లేదు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ లేదు. వైకల్యం సర్వీసు వల్లేనని తేలితే శాతాన్ని బట్టి 15, 25, 44 లక్షల ఏకమొత్తం ఉంది గానీ, ఆ మెట్లు 50 శాతం దగ్గర మొదలవుతాయి. నాలుగేళ్లయ్యాక నూటికి పాతిక మందినే ఉంచుకుంటారన్నప్పుడు, మిలటరీ మాధవరం లాంటి ఊరి నుంచి, తాత ముత్తాతల ఫోటోలన్నీ యూనిఫారంలో వేలాడే ఇంటి నుంచి వచ్చినవాడు మూడో ఏట కడుపునొప్పి అని నోరు విప్పుతాడా? పాత పద్ధతిలో దాచడానికి కారణాలు నాలుగుంటే ఇప్పుడు అయిదున్నాయి.

అసలు నష్టం కాగితం మీద ఎలా జరుగుతుందంటే, మెడికల్ బోర్డు ఫారంలో జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైందో రాసే గడి ఒకటి ఉంటుంది, ఆ చోటు ఫీల్డా (సరిహద్దు లాంటి కష్టమైన చోటు) పీసా (మామూలు కంటోన్మెంట్) అని కూడా చూస్తారు. ఒక కుర్రాడికి కుప్వారాలో ఉండగా మొదలైంది, పరువు పోతుందని, మిషన్ పోతుందని పద్నాలుగు నెలలు నోరు మూసుకున్నాడు, మందులు బజార్లో కొనుక్కున్నాడు, ఎంఐ రూమ్ రిజిస్టర్‌లో అతని పేరు ఒక్కసారి కూడా లేదు. తర్వాత సికింద్రాబాద్ పోస్టింగ్ వచ్చింది, వచ్చిన మూడో వారం పేగు మూసుకుని మిలటరీ హాస్పిటల్‌లో పడ్డాడు. బోర్డు ఆ గడిలో ఆసుపత్రిలో చేరిన తేదీ వేస్తుంది, పక్కన సికింద్రాబాద్, పీస్ స్టేషన్ అని రాస్తుంది. ఫీల్డు నీళ్లకూ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చని చూపించే ఆ 40 శాతం అంకె చేతిలో ఉన్నా, లాయరు దాన్ని ఏ చీటీకి తగిలించి వాదించాలి? కుప్వారాలో రెండు రోజుల విరేచనాలని రాసిన ఎంఐ రూమ్ చీటీ ముక్క ఒక్కటి, తేదీతో, ట్రంకులో ఉండుంటే సరిపోయేది.